లొంగుబాటు పత్రంలో ‘మేము’ ఎవరు?

కొన్నాళ్ళ క్రితం ఒక యువ రచయిత తన కథ రాతప్రతిని అభిప్రాయం కోసం నా చేతికిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగానికి వెళ్ళిన ఒక సిపాయి కథ అది. ఇంటి అప్పు తీర్చడానికి పట్టాళంలో చేరినవాడు. అడవుల్లో జ్వరాలతో, ఆకలితో, పక్కనే నేలకొరుగుతున్న తోటివాళ్ళతో రెండేళ్ళు గడుపుతాడు. చివరి పేజీలో, 1945 సెప్టెంబరు 2న, టోక్యో అఖాతంలో జపాన్ సంతకం పెట్టిందన్న కబురు శిబిరానికి అందుతుంది. సిపాయి తుపాకి పక్కన పెట్టి ఇంటిదిక్కుకు తిరిగి కూర్చుంటాడు. కథ ముగుస్తుంది. ‘ముగింపు సహజంగా ఉంది’ అని నేను అంచున రాసి తిరిగి ఇచ్చాను.

ఆ తర్వాత ఒక అధ్యయన తరగతిలో పాఠం చెప్పడం కోసం ఆ లొంగుబాటు పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా చదవవలసి వచ్చింది. అంతవరకు దాన్ని గురించి చదివానే గాని దాన్ని చదవలేదు. చదివాక నా వ్యాఖ్య నన్ను బాధించింది. ఆ ముగింపు సహజమైనది కాదు, పాలకులు మనకు అలవాటు చేసిన ముగింపు. దాన్ని సహజమని ఒక యువ రచయితకు నేను ధ్రువీకరించి ఇచ్చాను. ఆ మాటను వెనక్కు తీసుకోవడానికే ఈ వ్యాసం.

1

లొంగుబాటు పత్రంతో సాహిత్య విమర్శకుడికేం పని అని కొందరు అడగవచ్చు. అది సేనానులూ చరిత్రకారులూ చూసుకునే కాగితం కదా అనవచ్చు. కాని అది భాషతో తయారైన వస్తువు. అందులో మాట్లాడేవాడు ఒకడున్నాడు, వినేవాడు ఒకడున్నాడు, క్రియలున్నాయి, విస్మరణలున్నాయి. కథలో కంఠస్వరం ఎవరిదని అడిగే మనం ఈ కాగితంలో కంఠస్వరం ఎవరిదని అడగకపోతే మన విమర్శ కథలకే పనికొచ్చే విమర్శ అవుతుంది.

మన పల్లెల్లో ఈ జాతి పత్రం ఒకటి అందరికీ తెలుసు. ప్రామిసరీ నోటు. ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం మీ వద్ద నేను ఈ రోజున తీసుకున్న రొక్కం’ అని మొదలై, ‘ఇది నా సమ్మతిన వ్రాయించి ఇచ్చిన నోటు’ అని ముగుస్తుంది. చెప్పింది షావుకారు, రాసింది కరణం. రైతు చేసిన పని వేలిముద్ర వేయడం ఒక్కటే. అయినా నోటు నిండా ‘నేను’ అనే మాట రైతుదే. తన నోట ఎన్నడూ పలకని వాక్యాలకు అతను కర్త అవుతాడు. బలవంతం ఎంత ఎక్కువగా ఉంటే ‘నా సమ్మతిన’ అన్న మాట అంత స్పష్టంగా రాస్తారు.

జపాన్ లొంగుబాటు పత్రం నిర్మాణం సరిగ్గా ఇదే. దాన్ని రాసింది అమెరికా ప్రభుత్వం. సంతకానికి మిస్సోరీ అనే యుద్ధనౌక మీదికి వచ్చిన జపాన్ ప్రతినిధులకు అందులో ఒక్క మాట మార్చే హక్కు లేదు. అయినా పత్రం మొదటి మాట ‘మేము’. గెలిచినవాడు రాశాడు, ఓడినవాడు ఉత్తమ పురుషలో మాట్లాడాడు. అయితే పోలిక ఇక్కడిదాకానే. ప్రామిసరీ నోటులోని రైతుకు దాచుకునేందుకు ఏమీ లేదు. ఈ ‘మేము’కు చాలా ఉంది.

2

ఇంగ్లీషు మూలంలో ఉన్న సర్వనామానికి తెలుగులో రెండు మాటలున్నాయి. వింటున్నవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. ఈ పత్రాన్ని అనువదించేవాడు మొదటి మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. ఈ బహువచనంలో జపాన్ ప్రజలున్నారా?

పత్రమే జవాబు చెబుతుంది. చక్రవర్తి ఆజ్ఞ మేరకు, చక్రవర్తి తరఫున, జపాన్ ప్రభుత్వం తరఫున, సామ్రాజ్య సైనిక ప్రధాన కార్యాలయం తరఫున తాము మాట్లాడుతున్నామని సంతకందార్లు మొదటి పేరాలో చెప్పుకుంటారు. మూడో పేరాలో ప్రజలు కనిపిస్తారు. ఎలా కనిపిస్తారు? ఆజ్ఞ అందుకునేవారిగా. సమస్త సైన్యాలూ జపాన్ ప్రజలూ వెంటనే పోరు ఆపాలని, ఓడలనూ విమానాలనూ ఆస్తినీ చెడిపోకుండా కాపాడాలని ‘మేము’ ఆజ్ఞాపిస్తుంది. హిరోషిమా, నాగసాకి కాలిపోయి నెల తిరగలేదు. బూడిదలో కూర్చున్న మనిషి ఓటమి క్షణంలో కూడా ఆజ్ఞాబద్ధుడే.

పత్రంలోని క్రియలను వరసగా రాసుకుని చూడండి. అంగీకరిస్తున్నాము, ప్రకటిస్తున్నాము, ఆజ్ఞాపిస్తున్నాము, ఆదేశిస్తున్నాము, పూచీపడుతున్నాము. ఓడినవాడు ఇన్నిసార్లు ఆజ్ఞాపించడం వింతగా లేదూ? అయిదో పేరా మరీ ముఖ్యం. సివిల్, సైనిక, నౌకాదళ అధికారులంతా విజేత సేనాని ఉత్తర్వులు పాటించాలి, ఆయన ప్రత్యేకంగా తప్పించేదాకా ఎవరి ఆసనంలో వారు ఉండి యుద్ధేతర విధులు నిర్వర్తించాలి. అంటే యంత్రం ఆగదు, తోలేవాడు మారతాడు.

ఇక లొంగిపోతున్నది ఎవరు? రెండో పేరా ప్రకారం సైనిక ప్రధాన కార్యాలయం, సైన్యాలు. చక్రవర్తి లొంగిపోతున్నట్టు ఏ వాక్యంలోనూ లేదు. రాజ్యమేలే ఆయన అధికారం మిత్రరాజ్యాల సర్వసేనానికి లోబడి ఉంటుందని చివరి పేరా చెబుతుంది. లోబడి ఉండాలంటే ముందు ఉండాలి కదా! అధికారాన్ని అదుపులో పెట్టే వాక్యమే దాన్ని బతికించింది. దీన్ని ‘బేషరతు లొంగుబాటు’ అని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం.

3

ఈ వాక్యం యాదృచ్ఛికమా? కాదు. దీనికి ముందు జరిగిన ఒక చిన్న సంఘటన గమనించాలి. 1945 ఆగస్టులో లొంగుబాటు ఏర్పాట్ల కోసం జపాన్ ప్రతినిధి వర్గం మనీలా వెళ్ళింది. చక్రవర్తి వెలువరించవలసిన ప్రకటన ముసాయిదాను అమెరికన్లు వారి చేతిలో పెట్టారు. అందులో ‘నేను’ అనే చోట సాధారణ పౌరుడు వాడే మాట వేశారు. జపాన్ భాషలో చక్రవర్తి తన్ను గురించి చెప్పుకోవడానికి ‘చిన్’ అనే ప్రత్యేక సర్వనామం ఉంది. అది మరెవ్వరూ వాడరానిది. ముసాయిదా చూసి ప్రతినిధుల ముఖాలు పాలిపోయాయి. అమెరికన్ అనువాద విభాగాధిపతి అది గ్రహించి, చక్రవర్తికి తగిన మాటే వేసుకోండని చెప్పాడు. మెకార్థర్ తర్వాత దాన్ని సమర్థించాడు.

నగరాలు దగ్ధం చేసినప్పుడు చలించనివారు ఒక సర్వనామం దగ్గర మర్యాద పాటించారు. కారణం స్పష్టమే. ఆ సర్వనామంతో వారికి పని ఉంది. కోట్లాది మందిని ఒక్క మాటతో కదలకుండా కూర్చోబెట్టగల గొంతు అది. ఆ గొంతు చేతిలో ఉంటే కొత్త పాలనకు ఖర్చు తగ్గుతుంది.

ఆగస్టు 15 రేడియో ప్రసంగం కూడా ఈ దృష్టితోనే వినాలి. అందులో లొంగుబాటు అనే మాటే లేదు. యుద్ధ పరిస్థితి జపాన్‌కు అనుకూలంగా పరిణమించలేదన్న అర్థం వచ్చే డొంకతిరుగుడు వాక్యం ఉంది. భాష ఎంత గ్రాంథికమంటే మామూలు శ్రోతలు చాలామందికి విషయం బోధపడలేదు. రేడియోవాళ్ళు తర్వాత వివరించవలసి వచ్చింది. గ్రాంథిక భాష ఎవరి ప్రయోజనానికి పనికొస్తుందో గిడుగు వారి వారసులమైన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఓటమిని కూడా ప్రజలకు అర్థంకాని భాషలో ప్రకటించవచ్చునని ఆ ప్రసంగం రుజువు చేసింది.

ఫలితం చూడండి. సంతకం పెట్టిన ఇద్దరిలో సేనాని ఉమెజుకు టోక్యో విచారణలో యావజ్జీవ శిక్ష పడింది. 1949లో ఖైదులోనే చనిపోయాడు. విదేశాంగ మంత్రి షిగెమిత్సుకు ఏడేళ్ళ శిక్ష పడింది. 1950లో విడుదలై, 1954లో మళ్ళీ విదేశాంగ మంత్రి అయ్యాడు. ఎవరి ఆజ్ఞ మేరకు, ఎవరి తరఫున వీరు సంతకం పెట్టారో ఆ హిరోహిటో విచారణ బోనెక్కలేదు. 1989 జనవరిలో చనిపోయేదాకా సింహాసనం మీదే ఉన్నాడు. ఆ ‘మేము’ వెనక దాక్కున్న వ్యక్తిని ఆ ‘మేము’ కాపాడింది.

4

ఇప్పుడు సంతకాల పట్టిక. సర్వసేనానిగా మెకార్థర్ సంతకం కింద తొమ్మిది దేశాల సంతకాలున్నాయి. అమెరికా, చైనా, బ్రిటన్, సోవియట్ యూనియన్, ఆస్ట్రేలియా, కెనడా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, న్యూజిలాండ్. జపాన్‌కు ఇచ్చిన ప్రతిలో కెనడా ప్రతినిధి పొరపాటున ఒక గీత కిందికి దిగి సంతకం చేశాడు. తర్వాతివారంతా ఒక్కో గీత జరగవలసి వచ్చింది. చివరికి దేశాల పేర్లు కొట్టేసి చేత్తో సరిదిద్దారు. చరిత్ర పుస్తకాలు ఈ తప్పును ముచ్చటగా చెబుతాయి. అదే పట్టికలో ఉన్న పెద్ద తప్పును ఎవరూ సరిదిద్దలేదు.

ఆసియాలో జరిగిన యుద్ధం అది. ఆసియా దేశాల్లో చైనా ఒక్కటే అక్కడ ఉంది. కొరియా లేదు, వియత్నాం లేదు, ఇండోనీషియా లేదు, బర్మా లేదు. ఆ యుద్ధకాలంలో 25 లక్షల మంది సైన్యాన్ని ఇచ్చిన భారతదేశం కూడా లేదు. కాని వియత్నాంను ఏలిన ఫ్రాన్స్ ఉంది, ఇండోనీషియాను ఏలిన నెదర్లాండ్స్ ఉంది. ఎవరి నేల మీద యుద్ధం జరిగిందో వారు లేరు. ఆ నేల తమదని మళ్ళీ చెప్పబోయేవారు ఉన్నారు. ఈ పట్టికను యుద్ధం ముగిసిందని చెప్పే జాబితాగా చదివితే ఏమీ తెలియదు. రాబోయే యుద్ధాల జాబితాగా చదివితే అన్నీ తెలుస్తాయి.

కొరియా పేరు ఆ పట్టికలో లేదన్నాను. కాని కొరియా ఆ నౌక మీద ఉంది. షిగెమిత్సు కట్టుడు కాలితో, చేతికర్ర ఊతంతో, కష్టపడి మెట్లెక్కి వచ్చాడు. ఆయన కాలు పోయింది 1932 ఏప్రిల్ 29న. షాంఘైలో జపాన్ వారు చక్రవర్తి జన్మదినోత్సవం జరుపుకుంటున్న వేదిక మీదికి యూన్ బోంగ్-గిల్ అనే కొరియన్ యువకుడు బాంబు విసిరాడు. ఆ ఏడాది డిసెంబరులో అతణ్ణి కాల్చి చంపారు. అతని వయసు 24 ఏళ్ళు. ఆ కుంటు నడకను ప్రపంచమంతా ఫొటోల్లో చూసింది. అది ఎవరి సంతకమో చదివినవారు మాత్రం తక్కువ.

అదే రోజు వెలువడిన మొదటి నంబరు జనరల్ ఆర్డరు ఈ పత్రానికి అసలైన అనుబంధం. జపాన్ సేనలు ఎక్కడ, ఎవరికి లొంగిపోవాలో అది చెబుతుంది. కొరియాలో 38వ అక్షాంశానికి ఉత్తరాన సోవియట్ సేనలకు, దక్షిణాన అమెరికన్ సేనలకు. ఆ గీతను అంతకు కొద్ది రోజుల ముందు వాషింగ్టన్‌లో ఇద్దరు కర్నల్‌లు ఒక రాత్రిపూట పటం చూసి ఎంచుకున్నారు. 1950లో ఆ గీత మీదనే యుద్ధం రాజుకుంది. వియత్నాంలో 16వ అక్షాంశానికి ఉత్తరాన చాంగ్ కై షేక్ సేనలకు, దక్షిణాన బ్రిటిష్ వారి నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండుకు. మిస్సోరీ మీద సంతకాలు జరిగిన రోజే హనోయ్‌లో హో చి మిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. రెండు కాగితాలు, ఒకే తేదీ. మొదటిదానికి రెండోది కనిపించలేదు.

5

మిత్రులు కొందరికి ఇక్కడిదాకా అభ్యంతరం ఉండదు. సామ్రాజ్యవాదుల పత్రం సామ్రాజ్యవాదులకే పనికొచ్చిందని తల ఊపుతారు. కాని విమర్శకుడి కొలబద్ద మనవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పొట్టిదైపోకూడదు. ఆ పత్రం పోట్స్‌డామ్ ప్రకటనను అంగీకరిస్తుంది. ఆయుధాలు వదిలిన జపాన్ సైనికులను ఇళ్ళకు పోనిస్తామని ఆ ప్రకటనలో స్పష్టమైన మాట ఉంది. సోవియట్ యూనియన్ ఆ ప్రకటనలో చేరింది, ఈ పత్రం మీద సంతకం చేసింది. అయినా మంచూరియా తదితర ప్రాంతాల్లో లొంగిపోయిన దాదాపు 6 లక్షల మందిని సైబీరియాకూ ఇతర ప్రాంతాలకూ పనికి తరలించింది. యాభై వేలమందికి పైగా అక్కడే చనిపోయారు. చివరి విడత ఇల్లు చేరింది 1956లో. వారిలో ఎక్కువమంది బలవంతంగా సైన్యంలోకి లాగబడిన రైతుబిడ్డలు. ఈ సంగతి చెప్పకుండా మిగతాది చెబితే నా చదువు సగం చదువే.

అలాగని ఈ పత్రాలన్నీ వట్టి బూటకమని నేననడం లేదు. ఫాసిజం ఓటమి ఓటమే. సంతకం జరిగిన రోజున ఎన్నో చోట్ల కాల్పులు ఆగాయి, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఖైదీలను వెంటనే విడిచిపెట్టాలన్న ఏడో పేరా వల్ల శిబిరాల్లో ఎముకల గూళ్ళలా మిగిలిన మనుషులు బయటపడ్డారు. నేననేది ఒక్కటే. ఆ కాగితం చేసిన పనిని గౌరవిస్తూనే, అది చేయని పనిని చేసినట్టు రాయకూడదు.

6

ఇది జపాన్‌కే పరిమితమైన సంగతి కాదు. 1971 డిసెంబరు 16న ఢాకా రమ్నా రేస్‌కోర్సు మైదానంలో నియాజీ, అరోరా సంతకాలు చేసిన పత్రం చూడండి. బంగ్లాదేశ్ పేరు అందులో ఉంది. అరోరా భారత, బంగ్లాదేశ్ బలగాలకు సేనాని అని రాసి ఉంది. కాని బంగ్లాదేశ్ సంతకం లేదు. ముక్తివాహిని తరఫున ఖొందకర్ అక్కడ నిలబడ్డాడు, సేనాధిపతి ఉస్మానీ రాలేదు. ఎవరి విముక్తి కోసం యుద్ధం జరిగిందో వారు సాక్షులుగా మిగిలారు. లొంగిపోయిన సైనికులకు జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవం దక్కుతుందని పత్రం హామీ ఇచ్చింది. మంచిదే. తొమ్మిది నెలల ఊచకోత గురించి, చెరచబడిన స్త్రీల గురించి అందులో ఒక్క మాట లేదు. యుద్ధనేరాలకు విచారించాలని గుర్తించిన 195 మందిని 1974 ఏప్రిల్ ఒప్పందం తర్వాత విచారణ లేకుండానే పాకిస్తాన్‌కు పంపేశారు. పత్రంలో లేని నేరం చివరికి న్యాయస్థానంలోనూ లేకుండా పోయింది.

మన ఇంటి సంగతీ ఇలాగే ఉంది. 1948 సెప్టెంబరు 17న నిజాం రేడియోలో మాట్లాడాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. టోక్యోలో జరిగినట్టే ముందు రేడియో, వెనక సైనికుడు. ఇక్కడ యుద్ధం అనే మాటే వాడలేదు, ‘పోలీసు చర్య’ అన్నారు. లొంగిపోయిన రాజు 1950 జనవరి 26 నుంచి హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు. ఊళ్ళు వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకే తిరిగి వచ్చారు. దొరల మీదా రజాకార్ల మీదా పోరాడిన రైతుల మీదికే ఆ తర్వాత తుపాకులు తిరిగాయి. 1951 అక్టోబరు దాకా ఆ పోరాటం సాగింది. మరఠ్వాడాలో, ఇతర జిల్లాల్లో చంపబడిన ముస్లిములు కనీసం 27 వేల నుంచి 40 వేలమంది ఉంటారని సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. సెప్టెంబరు 18తో కథ ముగించిన రచయిత ఈ ఇద్దరినీ, పొలంలో పట్టుబడిన రైతునూ, చంపబడిన ఆ ముస్లిమునూ, తన పుస్తకంలోనుంచి బయటికి నెట్టినట్టే.

7

ఇప్పుడు నా యువ మిత్రుడి కథకు తిరిగి వస్తాను. బర్మాలో పోరాడిన సిపాయి సెప్టెంబరు 2న తుపాకి పక్కన పెట్టి ఇంటిదిక్కుకు తిరిగాడు. నిజంగా ఏం జరిగింది? బర్మా రంగంలో పోరాడిన 20వ భారత డివిజన్‌ను ఆ నెలలోనే జనరల్ గ్రేసీ నాయకత్వంలో సైగాన్‌కు పంపారు. జపాన్ సేనల లొంగుబాటు స్వీకరించడం వారికి చెప్పిన పని. చేయవలసి వచ్చిన పని వేరు. ఫ్రెంచి సైనికులను విడిపించి ఆయుధాలిచ్చారు. సెప్టెంబరు 23న ఫ్రెంచివారు వియత్నాం ప్రజల చేతుల్లోని సైగాన్ కార్యాలయాలను ఆక్రమించారు. అక్టోబరులో, మిస్సోరీ మీద ఫ్రాన్స్ తరఫున సంతకం చేసిన లెక్లెర్కే స్వయంగా దిగాడు. సరిపోని చోట లొంగిపోయిన జపాన్ సైనికుల చేతికే మళ్ళీ తుపాకులిచ్చి వియత్నాం ప్రజల మీదికి పంపారు. నిన్నటి శత్రువూ మన సిపాయీ ఒకే పక్షాన నిలబడవలసి వచ్చింది. ఇండోనీషియాలోనూ ఇదే జరిగింది. నవంబరులో సురబయా నగరం మీద దాడికి నడిపించబడింది భారత సైనికులే. వారిలో కొందరు ఆ పని చేయలేక ఇండోనీషియన్ల పక్షానికి వెళ్ళిపోయారు.

ఆ సిపాయి కథ సెప్టెంబరు 2న ముగియదు, అక్కడ మొదలవుతుంది. అప్పు తీర్చడానికి పట్టాళంలో చేరిన మనిషి, తనలాగే అప్పుల్లో మునిగిన ఇంకొక రైతు ఎదురుగా, ఇంకొక దొర కోసం నిలబడ్డాడు. ఆ క్షణంలో అతనేం ఆలోచించాడు? ఏ లొంగుబాటు పత్రమూ ఆ ప్రశ్న అడగలేదు. అడగవలసినవాడు కథకుడు.

ఇంకొక ముగింపు కూడా చెప్పాలి. ఏడో పేరా విడిపించమన్నది మిత్రరాజ్యాల యుద్ధఖైదీలను, పౌర నిర్బంధితులను. జపాన్ సైన్యం తన శిబిరాల్లో చెరపట్టిన కొరియన్ స్త్రీలు ఆ రెండు మాటల్లో దేనిలోనూ ఇమడలేదు. కొరియా వారి లెక్కలో మిత్రరాజ్యం కాదు, జపాన్ సొత్తు. ఆ స్త్రీలలో కిమ్ హాక్-సున్ తన పేరు చెప్పుకుని లోకం ముందు నోరు విప్పింది 1991 ఆగస్టులో. పత్రానికీ ఆ మాటకూ మధ్య 46 ఏళ్ళు. ఆమె మాట్లాడింది ఏకవచనంలో. ‘నేను’ అంది. ఆ నేనును ఎవరూ రాసి ఇవ్వలేదు.

మన విద్యార్థులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. చారిత్రక పత్రం చేతికొచ్చినప్పుడు అందులోని ‘మేము’ ఎవరిని కలుపుకుందో, ఎవరిని వదిలేసిందో ముందు చూడండి. ఏ క్రియలు ఇంకా అమలులో ఉన్నాయో చూడండి. ఎవరి సంతకం ఉండవలసి ఉండి లేదో వెతకండి. రచయితలకు ఇంకొక మాట. మీ యుద్ధకథను సంతకం దగ్గర ముగించాలని చేయి లాగినప్పుడు, సిపాయిని ఇంకొక్క నెల వెంబడించండి.

ఆ రాతప్రతిని మళ్ళీ అడిగి తెప్పించుకున్నాను. అంచున రాసిన నా వ్యాఖ్యను కొట్టేసి, దాని పక్కన ఇలా రాశాను: ‘ఇతన్ని సైగాన్ దాకా తీసుకెళ్ళు. అప్పుడు చూద్దాం.’